తాత పూజారి అయితే మనవరాలికి శాపమా?

మా పేటలో ఒకమ్మాయికి రెండుసార్లు గర్భం నిలవలేదు. ఉపవాస ప్రార్థనకు వెళితే చేతికో కాగితమిచ్చారు: నాలుగు తరాల్లో ఎవరు ఏ దేవతకు మొక్కారో, ఎవరు తాగారో, ఎవరు ఉరేసుకున్నారో రాయాలట. తాత పోలేరమ్మ గుడి పూజారి అని రాసింది. శాపం అక్కడే ఉందన్నారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు పిల్ల.

సండే స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, నాకు కడుపు మండింది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో మూడు నాలుగు తరాల మాట ఉంది, నిజమే. అది దేవుణ్ణి ద్వేషించేవాళ్ల గురించి. ఆ వెంటనే ఉన్న వెయ్యి తరాల కరుణ చదవరేం? తండ్రి దోషం కొడుకు మొయ్యడని యెహెజ్కేలు 18వ అధ్యాయమంతా చెబుతుంది. రూతు మోయాబు పిల్ల, అన్యదేవతల ఇంట పుట్టింది. దావీదు తాతను కన్నది ఆమే. మత్తయి రాసిన యేసు వంశావళిలో ఆమె పేరుంది.

తండ్రి తాగి చేసిన అప్పు పిల్లల నెత్తిన పడుతుంది. షుగరూ వంశంలో నడుస్తుంది. అంతమాత్రాన అవి దేవుడి శిక్షలు కావు.

పోయిన జన్మ పాపం వల్లే ఈ పుటక అని ఊరు మా ముత్తాతలతో అనేది. ఆ మాట పడలేకే వాళ్లు చర్చి గడప తొక్కారు. అదే మాట ఇప్పుడు ప్రార్థన పేరుతో మా పిల్లలు వినాలా?

అమ్మాయిని లేడీ డాక్టరుకు చూపించాం, థైరాయిడ్ పరీక్ష రాశారు. ప్రార్థనా చేస్తున్నాం. పాస్టర్లు ఆ కాగితాలు పంచడం ఆపాలి.