చందా వేరు, సర్కారు బాధ్యత వేరు

యూనివర్సిటీ లైబ్రరీలకు దాతలు ముందుకు రావాలట. చదువుకొని పైకొచ్చినోళ్లు, అమెరికాలో స్థిరపడ్డోళ్లు తలా ఇంత వేయాలట. మంచిమాటే. వద్దనేదెవరు? చందాలతో పుస్తకం కొనుక్కోవడం తెలంగాణకు కొత్త కాదు.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు ఇంట్లోనే. 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం లేచింది. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం రాజ్యం తెలుగు చదువును పట్టించుకోలేదు కాబట్టి జనమే ఆ భారం నెత్తికెత్తుకున్నారు.

2014 జూన్ 2 తర్వాత ఆ సాకు చెల్లదు. రాష్ట్రం మనది, ఖజానా మనది. మరి జోలె మాత్రం విద్యార్థి చేతికెందుకు?

ఒక్క లెక్క చూద్దాం. 1,000 మంది తలా 1,000 రూపాయలిస్తే 10 లక్షలు. అసలు ముట్టకుండా 7 శాతం వడ్డీ తీసినా ఏడాదికి 70,000. 350 రూపాయల పుస్తకాలు 200 వస్తాయి. 200 మంది పేదపిల్లల చేతికి 200 పుస్తకాలు! చిన్న విషయం కాదు. కానీ అదే 70,000 ఒక లైబ్రేరియన్ ఏడాది జీతానికి చాలదు. అందుకే చందా పుస్తకాన్ని తెస్తుంది గాని లైబ్రరీని నడపలేదు. నడపాల్సింది సర్కారే.

ఇంకో సంగతి. దాతకు శిలాఫలకం కావాలి. కొత్త గది కడితే పేరు చెక్కుతారు. చినిగిన పుస్తకానికి బైండింగ్ చేయిస్తే, తాళపత్రాన్ని చెదల నుంచి కాపాడితే, జర్నల్‌కు ఏటేటా చందా కడితే పేరెక్కడ చెక్కాలి? ఉస్మానియా లైబ్రరీలో తాళపత్రాలున్నాయి, ఉర్దూలో చదువు చెప్పిన కాలం నాటి పుస్తకాలున్నాయి. అవి పోతే ఎన్ని కోట్లు పోసినా తిరిగిరావు. నిజంగా పైసలు కావాల్సింది అక్కడ.

కాబట్టి మన డిమాండ్లు మూడు. దాతలిచ్చారని సర్కారు గ్రాంటులో ఒక్క రూపాయి కోయొద్దు. దాతల సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి, ఏ పైసతో ఏ పుస్తకం కొన్నారో ఏటా లైబ్రరీ గుమ్మానికి అంటించాలి. లక్ష ఇచ్చినోడికీ నూరు ఇచ్చినోడికీ ఒకే పుస్తకంలో పేరు రాయాలి.

2009లో లాఠీలకు ఎదురు నిలిచింది ఈ లైబ్రరీల్లో చదువుకున్న పిల్లలే. ఉద్యమానికి బియ్యమిచ్చిన పల్లె, బస్సు కిరాయిలకు చందాలేసుకున్న పల్లె పుస్తకానికి ఇవ్వనంటదా? తప్పక ఇస్తది. అయితే ఇచ్చిన చేతితోనే లెక్క కూడా అడుగుతది.