బొగ్గు తీసుకెళ్లారు సరే.. ఆ మట్టి గుట్టల సంగతేంటి?

గోదావరిఖని, శ్రీరాంపూర్, సత్తుపల్లి.. ఓపెన్‌కాస్ట్ ఉన్న చోటల్లా ఓబీ మట్టి గుట్టలు కనిపిస్తాయి. బొగ్గు కోసం పైనుంచి తీసిపోసిన రాళ్లు, మట్టి ఇది. చూడ్డానికి కొండల్లానే ఉంటాయి కానీ, వదులుగా పోసిన కుప్పలు. అసలు చిక్కు అక్కడే.

2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో ఇలాంటి కుప్పే కూలింది. 23 మంది చనిపోయారు. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో అయితే గని వ్యర్థాల గుట్ట ఏకంగా స్కూలు మీదకే జారింది. మృతులు 144 మంది, వాళ్లలో 116 మంది పిల్లలే! నీటి ఊట మీద ఆ గుట్ట పోయడమే కొంప ముంచింది.

నీళ్లు ఇంకితే మట్టి బరువెక్కుతుంది, లోపల పట్టు సడలుతుంది. అందుకే మొక్కల కంటే ముందు వాలు తగ్గించాలి. గుట్టను మెట్లు మెట్లుగా చెక్కాలి, చుట్టూ కాల్వలు తవ్వాలి, అడుగున రాతి గోడ కట్టాలి. మొత్తం వాలు 28 డిగ్రీలు దాటొద్దని పర్యావరణ అనుమతుల్లో తరచూ షరతు పెడతారు. ఆ తర్వాతే పైమట్టి పరిచి, గడ్డి పెంచాలి. గడ్డి వేళ్లు మట్టిని పట్టాకే చెట్లు.

మరి ఆ పైమట్టి ఎక్కడిది? తవ్వకం మొదలైన రోజే విడిగా తీసి దాచాలి. ఒక్కసారి గుట్టలో కలిసిందా.. ఇక దొరకదు. కానీ మన దగ్గర లెక్క చెప్పేది ఎన్ని మొక్కలు నాటారనే. వాలు ఎంతుందని అడిగేవాళ్లేరీ?

వానాకాలంలో గుట్ట పైన పగుళ్లు కనిపించినా, అడుగున మట్టి ఉబ్బినా అటువైపు వెళ్లొద్దు. వెంటనే గని అధికారులకు చెప్పండి.