ఎనిమిది నిమిషాల గీత

గ్రహణం ఎందుకు వస్తుందో మూడు నిమిషాల్లో చెప్పవచ్చు. యూట్యూబ్‌లో అదే వివరణ ఎనిమిది నిమిషాలు దాటిందంటే వెనక ఒక లెక్క ఉండొచ్చు. వీడియో మధ్యలో ప్రకటనలు రావాలంటే నిడివి కనీసం 8 నిమిషాలుండాలి. 2020 జులై దాకా అది 10.

పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో వీడియో చేసినవారి వాటా 55 శాతం. షార్ట్స్ లెక్క వేరు. ఎంతమంది చూశారన్నదే కాదు, ఎవరు చూశారన్నదీ ముఖ్యమే. ప్రతి ప్రకటన చోటుకూ రెప్పపాటులో వేలం జరుగుతుంది. కొనే శక్తి ఉన్న ప్రేక్షకుడి కోసం ప్రకటనదారులు పాట పెంచుతారు. అందుకే అమెరికాలో వెయ్యి వీక్షణలకు వచ్చినంత మన దగ్గర రాదు. పెట్టుబడి సలహాలకు పలికే రేటు గురుత్వాకర్షణకు పలకదు (భౌతికశాస్త్రం చదివిన నాకిది కాస్త కష్టంగానే ఉంటుంది).

వాతావరణ మార్పు అబద్ధమనే వీడియోలకు ప్రకటనలు ఆపేస్తామని 2021లో గూగుల్ ప్రకటించింది. మంచిదే. కానీ నాలుగు పరిశోధన పత్రాలు చదివి, అంకెలు సరిచూసుకుని చెప్పినవారికి ఆ వేలంలో అదనంగా ఒక్క పైసా రాదు. తెలుగులో సైన్సు చెప్పేవాళ్లను ఇలా ప్రకటనలకే వదిలేయకూడదు. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు వాళ్లకు నేరుగా డబ్బివ్వాలి, మూడు నిమిషాల వీడియోకైనా సరే.