పత్తర్‌గట్టీ గుడ్డ, పీడీఎఫ్ కొలత

పత్తర్‌గట్టీలో గుడ్డ కొనడం ఈజీ. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే నాలుగో దుకాణానికే పర్సు ఖాళీ. ఇంటికొచ్చి కత్తెర పట్టుకున్నాక మొదలవుతుంది అసలు భయం.

పాతబస్తీ టైలర్ మాస్టర్ అడిగేది ఒక్కటే: "నాప్ కా బ్లౌజ్ లాయే క్యా?" అంటే ఆది జాకెట్టు తెచ్చారా అని. అది పక్కన పెట్టుకుని సుద్దతో నేరుగా గుడ్డ మీదే గీసేస్తాడు. ఆ చెయ్యి మనకి లేదు. అందుకే కాగితం ప్యాటర్న్ కొంటాం. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ 1863లో సైజుల వారీ ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టింది కూడా ఇంట్లో కుట్టుకునేవాళ్ల కోసమే.

నా మొదటి పీడీఎఫ్ కథ చెప్తాను. అక్క పెళ్లికి బ్లౌజు. ఒక విదేశీ ప్యాటర్న్ కొని, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించా. 'ఫిట్ టు పేజ్' అని టిక్ పెట్టి ఉంది, నేను చూడలేదు. అమెరికా లెటర్ కాగితం వెడల్పు 8.5 అంగుళాలు, మన ఏ4 వెడల్పు 8.27. ప్రింటర్ బుద్ధిగా దాదాపు 97 శాతానికి కుదించింది. 36 ఛాతీ 35 అయింది! చంకలో చెయ్యి దూరలేదు. పట్టుగుడ్డ పోయింది.

ఇప్పుడు ఏ4 ఫైల్ ఉందా అని చూశాకే కొంటా. 100 శాతం సైజులో ముందు ఒక్క పేజీ తీసి, దానిమీద ఉండే టెస్ట్ గడిని టేపుతో కొలుస్తా. పేజీలు అంటించే ఓపిక లేకపోతే, ఇంజనీరింగ్ డ్రాయింగులు ప్రింట్ చేసే షాపులో ఏ0 అడగండి. 16 ఏ4ల పని ఒక్క షీటులో అయిపోతుంది.

ఫొటోలో మోడల్‌ని చూసి మాత్రం కొనొద్దు. ఎస్, ఎం, ఎల్ కూడా నమ్మొద్దు. మంచి ప్యాటర్న్‌లో రెండు పట్టికలుంటాయి: ఒంటి కొలతలు, కుట్టాక బట్ట కొలతలు. రెండో పట్టికని మీకు బాగా పట్టే ఆది డ్రెస్సుతో పోల్చండి. డ్రెస్సుని నేలమీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి, రెట్టింపు చేస్తే చాలు. రెండో పట్టికే లేదా? నేనైతే కొనను.

కుట్టు మార్జిన్ సంగతి కూడా చూడాలి. అమెరికన్ ప్యాటర్న్‌ల్లో మామూలుగా 5/8 అంగుళం కలిపే ఇస్తారు. కొన్నిట్లో అసలు ఉండదు, మనమే కలుపుకోవాలి. మన మాస్టర్లు పక్క కుట్లలో ఇంకాస్త గుడ్డ లోపలికి వదులుతారు, ఒళ్లు వస్తే విప్పుకోవడానికి. ఆ తెలివి పీడీఎఫ్‌కి లేదు, పెన్సిల్‌తో మీరే గీసుకోండి. పన్నా కూడా అడగండి. 58 అంగుళాల పన్నాకి రాసిన లెక్కతో 44 పన్నా గుడ్డ కొంటే చేతులకి చాలదు.

ఏదైనా సరే, ముందు పాత దుప్పటి మీద కత్తిరించి, కచ్చాకుట్టు వేసి తొడుక్కుని చూడండి.

కుర్తా, ఫ్రాకు, జాకెట్టు వరకు ఇలా నడుస్తుంది. ఖడా దుపట్టా జోలికి మాత్రం నేను పోను. ఆరు గజాల దుపట్టా సరే, దాని కింది చుడీదార్ క్రాస్‌లో కత్తిరించాలి, పిక్క దగ్గర అర అంగుళం తేడా వచ్చినా కాలు పట్టదు. దానికి ఆది పట్టుకుని మాస్టర్ దగ్గరికే. రంజాన్ ముందు కాకుండా వెళ్లండి, అప్పుడు ఆయన తల కూడా ఎత్తడు.