లిపి ఉండీ లేనివారమా?

నేటి ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో పండిత రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీకి ‘ఓల్ చికి’ లిపిని రూపొందించారు. పొరుగు లిపులు తమ ధ్వనులను పట్టలేవని గ్రహించి, అచ్చులకు గుణింతపు గుర్తులు కాక పూర్తి అక్షరాలనే ఇచ్చి, 30 అక్షరాలు కూర్చారు. 2003లో 92వ రాజ్యాంగ సవరణ సంతాలీని ఎనిమిదో షెడ్యూలులో చేర్చింది.

మనకు లిపి కరవు లేదు. అయినా తమిళనాట మన పిల్లలు తెలుగు మాటలను తమిళ లిపిలో రాసుకోవడం నేను చూస్తున్నాను. అందులో క, గలకు ఒకటే అక్షరం. కంప, గంప ఒకటైపోతాయి. ఆ లిపి తమిళానికి చాలు, తెలుగుకు చాలదు.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం రాష్ట్రాలకు నిర్దేశిస్తున్నది. అడగనిదే అది అమలు కాదు. పిల్లలను బడిలో చేర్చేటప్పుడు తెలుగు కావాలని రాతపూర్వకంగా కోరండి. అర్జీ నకలు దాచుకోండి. ఆ కాగితం లేకుండా న్యాయస్థానంలో నేనేమని వాదించను?