గెట్టు దున్నితే జరిమానా

నాటింగమ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌కు వెళ్లినవారికి సెయింట్ మైకేల్ చర్చినీ, నార్మన్ల కోట నిలిచిన మట్టిదిబ్బనూ చూపిస్తారు. చూడదగ్గవే. కానీ అలాంటివి ఇంగ్లండ్‌లో చాలా పారిష్‌లలో ఉన్నాయి. ఈ ఊరి అసలు ఆస్తి చుట్టూ ఉన్న మూడు పొలాలు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. వాటిలో ఒకరి చెక్కకూ మరొకరి చెక్కకూ మధ్య కంచె ఉండదు. ఒక పొలంలో శీతాకాలపు గోధుమ, మరోదాంట్లో వసంతంలో విత్తే పంట వేస్తారు. మూడోది బీడుగానో పశుగ్రాసానికో వదులుతారు. ఏటేటా ఈ వరస మారుతుంది.

మధ్యయుగాల్లో మధ్య ఇంగ్లండ్‌లో సాగు చాలావరకు ఇలాగే జరిగేది. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు వేల చట్టాలతో ఉమ్మడి పొలాలను విడగొట్టి కంచెలు వేయించింది. లాక్స్‌టన్‌లోనూ కొంత భూమి కంచెల్లోకి పోయింది. మిగిలిన చెక్కలను మార్క్ పియర్స్ 1635లో గీసిన పటంతో నేటికీ పోల్చి చూడవచ్చు.

ఏటా చలికాలం మొదట్లో రైతుల జూరీ గోధుమ పొలమంతా తిరుగుతుంది. పక్కవాడి గెట్టు ఎవరు దున్నేశారు, బాటలోకి ఎవరు చొరబడ్డారు అని చూసి, హద్దుల్లో కర్ర గూటాలు దిగగొడుతుంది. తర్వాత ‘కోర్ట్ లీట్’ అనే ఊరి పాత కోర్టు కూర్చుని తప్పు చేసినవారికి జరిమానా వేస్తుంది. తీర్పరులూ సాగుదారులే కనుక గెట్టు విలువ ఒకరు చెబితే తెలుసుకోవలసిన పని వారికి లేదు.

1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టుల న్యాయాధికారాన్ని రద్దు చేసింది. లాక్స్‌టన్ కోర్ట్ లీట్‌ను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. ఊరికి దక్కిన అతి పెద్ద గౌరవం ఆ మినహాయింపే. కోటదిబ్బను కాపాడటానికి కావలిదారు సరిపోతాడు. ఈ వ్యవస్థ నిలవాలంటే దున్నేవాళ్లూ, వాళ్ల మాట చెల్లే అధికారమూ రెండూ ఉండాలి.

ఈ పొలాలున్న ఎస్టేటును 1952లో అప్పటి యజమాని మాన్‌వర్స్ ప్రభువు ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అమ్మారు. 1981లో అది రాజరిక ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి వెళ్లింది. 2020లో మాన్‌వర్స్ కుటుంబపు పూర్వ నివాసం ఉన్న థోర్స్‌బీ ఎస్టేట్ దాన్ని కొన్నది. యజమాని ఎవరైనా, ఇక్కడ సాగుచేసేవారు కౌలు రైతులు. ముక్కలుముక్కలుగా ఉన్న చెక్కల్లో పెద్ద యంత్రాలు తిప్పడం కష్టం, ఖర్చు. ఆ నష్టం రైతు ఒక్కడే భరించాలనడం అన్యాయం. కౌలు నిర్ణయించేటప్పుడు యజమాని దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. వయసు మళ్లిన రైతు తప్పుకున్నప్పుడు ఆ చెక్కలను సాగుచేస్తానని వచ్చే యువకుడికే ఇవ్వాలి, అతను ఊళ్లోనే ఉండేందుకు ఇల్లూ చూపాలి.