కాళ్లు కాల్చే గొట్టాలు

హనుమాన్ జంక్షన్ సెంటర్‌లో కళ్లు మూసుకుని నిలబడినా సైలెన్సర్ మార్చిన బండి ఏదో చెప్పవచ్చు. నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు, జాతీయ రహదారి మీదుగా వచ్చే బండ్లన్నీ ఇక్కడే కలుసుకుంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది గాని, అక్కడి బండ్ల రాక తగ్గలేదు. వీటి చప్పుడు మీద ఫిర్యాదులకు కొదవ లేదు. నగరాలలో పోలీసువారు ఇటువంటి గొట్టాలను ఊడదీయించి రోడ్డు రోలరు కింద తొక్కించిన సంగతి పాఠకులు ఎరిగినదే. కాగా ఆ గొట్టం చేసే రెండవ కీడును గురించి పెద్దగా మాట్లాడుకోవడం లేదు. అదే సెగ. పల్లెల్లో బండి మీద బతికేవారికి చప్పుడు కన్నా దానివల్లనే నష్టం ఎక్కువ.

ఇంజిన్‌లో పెట్రోలు మండి బయటకు వచ్చే పొగ బండి గట్టిగా లాగుతున్నప్పుడు 600 డిగ్రీలు కూడా దాటుతుంది. నీరు మరిగేది 100 డిగ్రీలకే. ఇంజిన్ నుంచి వంపు తిరిగి వచ్చే బెండు పైపు అందుకే అన్నిటికన్నా ఎక్కువగా కాలుతుంది. కంపెనీవారు ఇది తెలిసే కాలు తగిలే చోట రేకు గార్డు బిగిస్తారు. గార్డుకూ గొట్టానికీ మధ్య గాలి ఆడే సందు ఉంచుతారు. సైలెన్సర్ లోపల అరలు పెట్టి పొగ వేగాన్ని, చప్పుడును తగ్గిస్తారు. బజారులో కొనే గొట్టానికి చాలాసార్లు గార్డు ఉండదు, అరలు ఉండవు, రేకు పలుచన. పాత గార్డు కొత్త గొట్టానికి సరిపోదు గనుక అది షాపు మూలన పడి ఉంటుంది. వేలు పోసి కొన్న కుర్రవానికి ఆ రేకు ముక్క గుర్తు కూడా ఉండదు.

మన బండ్లలో చాలావాటికి సైలెన్సర్ కుడి పక్కన ఉంటుంది. ఆడవారు ఎడమ పక్కకు తిరిగి కూర్చుంటారు గనుక వారికి కొంత మేలు. కాలేది అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునే పిల్లలకే. పిల్లవాని కాలు ఫుట్‌రెస్టుకు అందదు, వేలాడుతుంది, పిక్క పోయి గొట్టానికి ఆనుతుంది. 70 డిగ్రీల లోహం మీద చర్మం ఒక సెకను పాటు ఆనితే చాలు, బొబ్బ లేస్తుంది. బండి ఆపిన తరువాత కూడా ఈ ప్రమాదం పోదు. సంతలోనో, గుడి ముందో వరుసగా నిలిపిన బండ్ల మధ్య నుంచి పంచె ఎగగట్టి, లుంగీ మడిచి నడిచేవారికి తగిలేది అప్పుడే ఆపిన గొట్టమే.

ఇక సరుకు సంగతి. పాల క్యాన్లు, మేత బస్తాలు, పచ్చగడ్డి మోపులు, కూరగాయల సంచులు మోటారు సైకిల్ మీదనే పోతున్నాయి. ప్లాస్టిక్ క్యాను మెత్తబడి కారుతుంది. పాలిథిన్ సంచి గొట్టానికి అంటుకుపోతుంది. గోనె సంచి అలా కాదు. లోలోపల రాజుకుంటూ వస్తుంది, బండి ఆగి గాలి తగ్గినప్పుడు గాని పొగ కనపడదు. బండికి జరిగే నష్టమూ తక్కువది కాదు. పక్క డొక్కు వంగిపోవడం, వైర్ల తొడుగు కరగడం చాలామంది చూసినవే. పెట్రోలు గొట్టం దగ్గరగా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా భయపడవలసినది ఎండు గడ్డి. నవంబరు, డిసెంబరు నెలల్లో వరికోతలు మొదలైన దగ్గర నుంచి డెల్టాలో చేల గట్లు, కళ్లాలు, పుంత దారులు అన్నీ గడ్డే. ఎండుగడ్డి రమారమి 250 నుంచి 300 డిగ్రీల వద్ద అంటుకుంటుంది. పరుగెత్తి వచ్చిన బండి బెండు పైపుకు అది పెద్ద లెక్క కాదు. కళ్లం పక్కన గడ్డి మీద బండికి స్టాండు వేసి మనిషి అటు పోతే, గడ్డిపోచ పైపు మీద మాడి నిప్పు కావచ్చు. అరలు లేని గొట్టం అయితే యాక్సిలరేటరు వదిలినప్పుడు ఢబ్బున పేలి నిప్పురవ్వ కక్కడమూ కద్దు. వామి అంటుకుంటే ఏడాది పశుగ్రాసం పోయినట్లే. ఈ విషయంలో కంపెనీ సైలెన్సర్ వాడేవారు కూడా నిశ్చింతగా ఉండరాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు గొట్టంలోనే ఉంటుంది. అది వేడెక్కితేనే పనిచేస్తుంది. కనుక ఏ బండి అయినా సరే, గడ్డిని కాలితో పక్కకు నెట్టి, ఉత్త నేల మీద నిలపాలి.

నివారణకు ఖర్చు స్వల్పం. గొట్టం తుప్పు పట్టి మార్చవలసి వస్తే, మీ బండి మోడలుకు కంపెనీ ఇచ్చేదే గార్డుతో సహా అడిగి తీసుకోవాలి. ఇదివరకే మార్చుకున్నవారు కనీసం గార్డు అయినా బిగించుకోవాలి. గొట్టానికి అంటించి కాకుండా కొంచెం ఎడంగా బిగిస్తేనే ప్రయోజనం. ఇంజిన్ దగ్గర గాస్కెట్ పోయి పొగ చిమ్ముతుంటే వెంటనే మార్చాలి. కొందరు గొట్టానికి గుడ్డపట్టీ చుట్టిస్తున్నారు. మన డెల్టా తేమకు ఆ పట్టీ నీరు పట్టి లోపల గొట్టం తుప్పు పడుతుంది. ఆస్‌బెస్టాస్ తాడు చుట్టడం అంతకన్నా తప్పు, దాని పొడి ఊపిరితిత్తులకు హాని. బస్తా కట్టేవారు గొట్టం పైన ఇనుప స్టాండు వేయించుకుని, సరుకు దానికి తగలకుండా చూసుకోవాలి. బండి ఆపాక అరగంట వరకు పిల్లలను ఆ పక్కకు పోనీయరాదు.

మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద, 2019 సవరణ తరువాత, చప్పుడు, పొగ హద్దు మీరిన బండికి 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు, మూడు నెలల వరకు జైలు కూడా ఉన్నది. బండ్లు ఆపి చప్పుడు చూసే అధికారులు పనిలో పనిగా గార్డు ఉన్నదీ లేనిదీ కూడా చూసి చెప్పాలని కోరుతున్నాము. గొట్టం మార్చే మెకానిక్ సోదరులు గార్డు లేకుండా బండిని షాపు దాటనీయకపోతే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంత చెప్పినా కాలేవి కాలుతూనే ఉంటాయి. కాలిన వెంటనే టూత్‌పేస్టు, సిరా, పసుపు, పేడ పూయడం మన వాడలలో ఇంకా ఉన్నది. అవి పుండును పెంచుతాయి. పారే చల్లని నీటి కింద కాలును 20 నిమిషాలు ఉంచాలి. ఐసు పెట్టరాదు, బొబ్బను చిదపరాదు. అరచేతి కన్నా పెద్ద గాయమైనా, చర్మం తెల్లబడినా, కాలినది చిన్న పిల్లలకైనా శుభ్రమైన గుడ్డ కప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి. ధనుర్వాతం సూది అవసరమా కాదా అన్నది అక్కడి డాక్టరుగారు చెబుతారు.